ఎడమ సీటు

సోమవారం

మా బావమరిది ఈ రోజు నన్ను లోపలి గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఆ తలుపుకి గడియ ఉందని ఇన్నేళ్ళలో ఈ రోజే తెలిసింది. డ్రైవింగ్ స్కూలు వాడిది, పాఠాలు నావి. నేను వాడి అక్క మొగుణ్ణి కాబట్టి, నన్ను ఒక మాట అనాలంటే వాడు ముందు నాలుగు మాటలు మింగాలి. మింగాడు. నీళ్ళు తాగాడు. ఆ తర్వాత మొదలెట్టాడు.

శనివారం నా దగ్గర నేర్చుకున్న ఒకావిడ ఫిర్యాదు చేసిందట. ముందు ఏమీ లేకుండానే మాస్టారు నడిరోడ్డు మీద బ్రేకు నొక్కేశారని, వెనకొస్తున్న ఆటో గుద్దబోయిందని. ఆవిడొక్కతే కాదట, ఈ మధ్య అందరూ అదే మాట అంటున్నారట. ఏమీ లేకుండా అన్నది శుద్ధ అబద్ధం. కవరొకటి ఎగిరొచ్చింది. కవరు వెనకాల ఏముందో ఎవరు చూశారు? నేర్పే బండిలో ఎడమ సీటు ముందు రెండో బ్రేకు పెట్టించింది నొక్కడానికా, కాలు చాపుకోవడానికా అని అడుగుదామనుకున్నాను.

వారం రోజులు సెలవు తీసుకో బావా అన్నాడు. వచ్చే సోమవారం వచ్చి ఏదో ఒకటి తేల్చి చెప్పమన్నాడు. సీట్లో కూర్చుంటానంటే సీట్లో. లేదంటే ముందు గదిలో కౌంటర్ ఉంది, ఫారాలు నింపే పని, ఫ్యాను కింద హాయిగా కూర్చోవచ్చు. ఆ ‘హాయిగా’ నాకు బొత్తిగా నచ్చలేదు.

నాకేం లేదని చెప్పాను. మోకాలి నొప్పి వల్ల కాలు దానంతటదే నొక్కేస్తోందని చెప్పాను. వాడు తల ఊపాడు. తాడిచెట్టెందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నవాణ్ణి చూసినట్టు చూశాడు.

నిజంగా మోకాలి నొప్పే.

మంగళవారం

ఆ పిల్ల మళ్ళీ వచ్చింది. నిద్రపోతున్నానని చెప్పించాను. మిట్టమధ్యాహ్నం ఈ మాస్టారికి నిద్రేమిటని అనుకుని ఉంటుంది. అనుకోనీ.

నేర్చుకునేవాళ్ళందరికీ నేను మనసులో పేర్లు పెట్టుకుంటాను. బండెడు మంది వచ్చిపోతూ ఉంటారు, అసలు పేర్లు ఎక్కడ గుర్తుంటాయి. ఈ పిల్ల పేరు పిచ్చుక. సీటు ఎంత ముందుకి జరిపినా క్లచ్ అందేది కాదు, వెనక దిండు పెట్టుకుని కూర్చునేది. చెప్పింది చెప్పినట్టు చేసేది. నాకు నచ్చిన పిల్ల.

ఈ డైరీలో ప్రమాదం జరిగిన రోజు పేజీ ఖాళీగా ఉంది. రాయడానికేముంది? పిచ్చుక నడుపుతోంది. పాల వ్యాను సందులోంచి అడ్డంగా వచ్చింది. నేను బ్రేకు నొక్కాను. మా బండి ఆగింది. వ్యాను ఆగలేదు. పిల్లకి మోచెయ్యి విరిగింది. పోలీసులు, ఇన్సూరెన్సువాళ్ళు, ఆఖరికి ఆ వ్యాను డ్రైవరు కూడా మీ తప్పేం లేదండీ అన్నారు. తప్పుంటే బాగుండేది. తప్పయితే దిద్దుకోవచ్చు.

ఆ పిల్ల ఇక జన్మలో స్టీరింగ్ ముట్టుకోదు. ఒకసారి అలా జరిగినవాళ్ళు మళ్ళీ ముట్టుకోరు, చాలామందిని చూశాను. చాలామందిని అంటే ఇద్దర్ని. ముట్టుకోనని చెప్పడానికి ఇల్లు వెతుక్కుంటూ ఇన్నిసార్లు రావాలా?

గుమ్మంలో నిలబడి మా ఆవిడా, తనూ చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో నవ్వులు కూడా వినిపించాయి. వాళ్ళకంత నవ్వొచ్చే సంగతేమిటో తెలియదు. నేను మంచం మీద కళ్ళు మూసుకుని పడుకున్నాను, తలుపు తీసి చూస్తే బాగుండదని.

సాయంత్రం మా ఆవిడ బస్సు టికెట్లు నా ముందు పెట్టింది. రేపు పొద్దున్నే కొండ మీద ఊరికి. తన నడుం నొప్పికి చల్లగాలి మంచిదని డాక్టరు చెప్పాడట. సీజను కాదు కాబట్టి లాడ్జీ చవకట, బస్సు చవకట, సెలవు కూడా పెట్టేసిందట. రక్తపరీక్షల ల్యాబులో పని తనకి, పండంటి మనిషికైనా సూది గుచ్చి రక్తం తీస్తుంది, సెలవు మాత్రం ఎన్నడూ పెట్టి ఎరగదు. నడుం నొప్పి ఎప్పట్నుంచి అని అడిగాను.

“మీ మోకాలి నొప్పి ఎప్పట్నుంచో అప్పట్నుంచే,” అంది.

బుధవారం

చేరాం. ఎలా చేరామన్నది రాయాలని లేదు, కానీ రాయకపోతే నిద్ర రాదు. రాసినా రావడం లేదు ఈ మధ్య.

చవక బస్సు. కిటికీలు మూస్తే తెరుచుకోవు, తెరిస్తే మూసుకోవు. కింద మైదానంలో ఉన్నంతసేపు బాగానే ఉన్నాను. కొండ మొదలయ్యాక ప్రతి మలుపుకీ నా కాలు ముందు సీటు కింద చువ్వని తొక్కడం మొదలెట్టింది. ముందు సీట్లో ముసలావిడ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. మూడోసారి తన సంచీ తీసి నా కాలికీ చువ్వకీ మధ్య పెట్టింది. అందులో ఏవో మెత్తటి బట్టలున్నాయి. వాటిని తొక్కుతూ వచ్చాను.

డ్రైవరు మంచివాడే. అదే నా ఖర్మ. హారన్ కొట్టాల్సిన చోట కొట్టాడు, ఎదుటి బండికి దారి ఇవ్వాల్సిన చోట ఆగి ఇచ్చాడు, గేరు మార్చడం కూడా వినసొంపుగా ఉంది. తిట్టుకోవడానికి ఒక్కటి దొరికినా ప్రాణం తేలికపడేది.

సగం దారిలో టీ కోసం ఆపాడు. దిగాను. మళ్ళీ ఎక్కలేదు. కడుపులో బాగాలేదని చెప్పాను. బస్సంతా ఎక్కి కూర్చుంది, డ్రైవరు ఇంజను వేశాడు, నేను టీ బల్ల పక్కన రాయిలా నిలబడ్డాను. నడిచి పోదామని చెప్పానట మా ఆవిడతో. చెప్పినట్టు గుర్తు లేదు. ఆవిడ కోప్పడలేదు. నా మణికట్టు పట్టుకుంది, ల్యాబులో నరం వెతికేటప్పుడు పట్టుకుంటారే అలా.

“కళ్ళు అటు తిప్పండి,” అంది. “చీమ కుట్టినట్టుంటుంది, అంతే.”

రోజూ పొద్దున్నుంచీ వందమందికి చెప్పే మాట. నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే నన్ను ఎక్కించేసింది.

లాడ్జీ గదికి ‘లోయ కనబడే గది’ అని పేరు. లోయ కనబడుతుంది, అబద్ధం కాదు, స్నానాల గదిలో బకెట్టు బోర్లించి ఎక్కి నిలబడితే. మామూలు కిటికీలోంచి పక్కవాళ్ళ గోడ కనబడుతుంది, గోడ మీద నాచు. పక్కనే మోటారు పంపు, అది తిరిగినప్పుడల్లా మంచం వణుకుతుంది. దుప్పట్లు రెండే ఇచ్చారు, రెండూ ముందొచ్చినవాళ్ళ తలనూనె వాసన. మేనేజరు మెడకీ, చెవులకీ, నోటికీ కలిపి ఒకే మఫ్లరు చుట్టుకుని ఉంటాడు. అతనికి మఫ్లరనే పేరు పెట్టాను. వేడినీళ్ళు అడిగితే పొద్దున వస్తాయన్నాడు. ఏ పొద్దునో చెప్పలేదు.

గురువారం

ఈ ఊళ్ళో దిక్కులు రెండే. ఎక్కడం, దిగడం. ఇల్లు అడిగితే కుడి, ఎడమ అనరు, పైకి పొండి, కిందకి పొండి అంటారు. రోడ్డు పక్కన ఒక ఇంటి గుమ్మం, దాని కప్పు మీద ఇంకో ఇంటి గుమ్మం. పిల్లలు బంతి ఆడుతుంటే ఒకడు ఎప్పుడూ దిగువన కాపలా ఉంటున్నాడు.

నాకు మాత్రం కనబడింది ఆపిన బండ్లు. వాలు మీద ఆపితే ముందు చక్రాలు గోడ వైపు తిప్పి ఉంచాలి, చక్రం కింద రాయి పెట్టాలి. కొందరు పెట్టారు, కొందరు పెట్టలేదు. పెట్టనివాటికి నేను పెట్టుకుంటూ వచ్చాను. మూడో రాయి దగ్గర ఒకాయన బయటికొచ్చి బండితో నీకేం పని అన్నాడు. మా ఆవిడ మధ్యలో దూరి సర్దిచెప్పింది. ఆ తర్వాత కాసేపు నాకు రెండడుగుల ముందు నడిచింది.

కొండ కొమ్మున అందరూ వెళ్ళి చూసే చోటు ఒకటుంది. జీపులో అయితే గబుక్కున పోవచ్చు, పదిమందిని కుక్కి తీసుకెళ్తారు కాబట్టి చవక. నేను నడుద్దామన్నాను. నడిచాం. తీరా పోతే అంతా పొగమంచు. దూరదర్శిని పెట్టుకున్న మనిషి డబ్బు తీసుకుని మరీ మాకు మంచుని దగ్గరగా చూపించాడు. మా ఆవిడ చెప్పు తీసి మడమ చూసుకుంది. బొబ్బ లేచి పగిలింది.

“ఇలాగే తిరిగితే మనం చూసి వెళ్ళేది మన కాళ్ళనే,” అంది.

నీ నడుం నొప్పికి నడక మంచిదన్నాను. అనాల్సింది కాదు. ఆవిడ మడమకి చేతిరుమాలు కట్టుకుని లేచింది. తిరిగి లాడ్జీ దాకా ఆవిడ కుంటడం వినబడుతూనే ఉంది. జీపులు మా పక్కనుంచి పోతూనే ఉన్నాయి. ఒకటి ఆపుదామనుకుంటూనే వచ్చాను.

దారిలో ఫోను మోగింది. పిచ్చుక. కట్ చేశాను. మా ఆవిడ చూసింది.

గురువారం సాయంత్రం

కౌంటర్లో కూర్చుంటానని చెప్పేశాను. బావమరిదికి కాదు, ముందు మా ఆవిడకి. వయసు మీద పడుతోంది, మోకాలు సహకరించడం లేదు, అక్కడైతే నీడపట్టున ఉంటాను అన్నాను. అన్నీ సబబైన మాటలే. ఆవిడ మేజోళ్ళు మడత పెడుతోంది. పెట్టిన మడత విప్పి మళ్ళీ పెట్టింది.

ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితితొట్టిలో పడిందట. బల్లికి ఎలా ఉందో ఎవరూ అడగరు.

శుక్రవారం

ఈ రోజు చాలా రాయాలి.

పొద్దున లేచేసరికి మా ఆవిడ గదిలో లేదు. వేడినీళ్ళ సంగతి తేల్చుకోవడానికి వెళ్ళిందనుకున్నాను. నేను కిందకి దిగి లాడ్జీ ముందు మెట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాను. మఫ్లరు నన్ను చూసి, చూడనట్టు లోపలికి పోయాడు.

అప్పుడు వచ్చింది ఎర్ర కారు. చిన్నది, పాతది, ఒక తలుపుది వేరే ఎరుపు. వీధి మలుపు తిరిగి మెల్లగా వస్తోంది. అలవాటైన కన్ను ఊరుకోదు కదా. కొత్త చెయ్యి అనుకున్నాను. క్లచ్ మీంచి కాలు తీయడం లేదు, ఇంజను ఒకటే మూలుగుతోంది. అద్దం చూడటం బాగానే ఉంది. స్టీరింగ్‌ని మాత్రం ఎవరో లాక్కుపోతారన్నట్టు పట్టుకుంది. పట్టుకుంది అని ఎందుకు రాశానంటే అప్పటికే చేతికున్న గాజులు కనబడ్డాయి. కారు నా ముందుకొచ్చి మురుగుకాలవకి జానెడు ఇవతల ఆగింది. అద్దం కిందకి దిగింది.

మా ఆవిడ.

“ఎక్కండి,” అంది.

నా చేతిలో టీ ఒలికి పంట్లాం మీద పడింది. నేనేమన్నానో తెలియదు, ఏదో అరిచి ఉంటాను, పైనుంచి ఒకరిద్దరు తొంగి చూశారు. ఆవిడ హ్యాండ్ బ్రేకు వేసి, సంచీ తీసి, అందులోంచి లైసెన్సు తీసి కిటికీలోంచి చాపింది. అసలైన లైసెన్సే. ఫోటోలో ఆవిడ ముఖం సూది చూసిన పేషెంటులా ఉంది. కారు ఒక వర్క్‌షాపువాడిది, అద్దెకిస్తాడట. మఫ్లరు మాట్లాడిపెట్టాడు.

ఎవరు నేర్పారని అడిగాను. ముందు ఎక్కండి అంది. ఎక్కనన్నాను. అప్పటికి కారు వెనక ఒక జీపు, జీపు వెనక కూరల బండి, ఆ వెనక ఇంకేవో వచ్చి ఆగిపోయాయి. హారన్లు. రోడ్డు ఆగిపోతే నేను చూడలేను, అదొక రోగం నాకు. ఎవరో ఒకరు కదలాలి. ఆవిడ కదిలేలా లేదు. ఎక్కాను.

ఎడమ సీటు. కాలు చాపాను. కింద రబ్బరు పట్టా తప్ప ఏమీ లేదు.

ఇన్నేళ్ళు ఎడమ సీట్లో కూర్చున్నాను కానీ కాలి కింద ఏమీ లేకుండా కూర్చోవడం ఇదే మొదలు. ఆవిడ కదిలించింది. నేను పట్టాని తొక్కాను. ఏమీ కాలేదు. ఇంకా గట్టిగా తొక్కాను. కారు ఆవిడ పోనిచ్చినట్టే పోయింది. మలుపులో లారీ ఎదురైంది. నేను రెండు కాళ్ళతో తొక్కాను. ఆవిడ పక్కకి తీసి, ఆగి, లారీ పోయాక మళ్ళీ బయల్దేరింది. నా వంక చూడనైనా చూడలేదు.

ఊరి బయట ఒక చెరువుంది, అక్కడికి పోయాం. చెరువు పెద్దగా బాగాలేదు. నీళ్ళు తక్కువ, పడవలన్నీ బోర్లించి ఉన్నాయి. గట్టు మీద కూర్చుని రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు తిన్నాం. నేనెన్నిసార్లు అడిగినా నేర్పిందెవరో చెప్పలేదు. “నేను నేర్పమన్నప్పుడల్లా రేపు అన్నారు మీరు, ఆ రేపు ఇరవయ్యేళ్ళయినా రాలేదు, అందుకని మీకు చెప్పడానికి నాకూ రేపే కుదురుతుంది,” అంది. మాట తప్పు లేదు. ఊళ్ళో సగంమందికి నేర్పాను. ఇంట్లో మనిషికి నేర్పలేదు. ఆవిడ అడిగిన రోజున నాకు అలసటగా ఉండేది, పక్కన కూర్చుని మళ్ళీ అదే పాఠం చెప్పాలంటే విసుగ్గా ఉండేది.

తిరిగొచ్చేటప్పుడు జరిగింది. లాడ్జీ వీధి నిలువుగా ఉంటుంది, పైకి పోయే కొద్దీ ఇంకా నిలువు. సగం ఎక్కాక ముందు ఎవరో సామాన్లు దించుతుంటే ఆగాల్సొచ్చింది. వాళ్ళు తప్పుకున్నారు. మా ఆవిడ కదిలించబోయింది, ఇంజను ఆగిపోయింది. కారు వెనక్కి జారింది. ఒక్క మూరెడే. వెనక స్కూలు పిల్లల వ్యాను ఉంది. అద్దంలో దాని ముందు సీట్లో ఇద్దరు పిల్లలు కనబడ్డారు నాకు. కాలు పట్టా మీద కొట్టుకుంటోంది. ఏం చెయ్యాలో నాకు తెలిసినంతగా ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు, ఒక్క ముక్క బయటికి రావడం లేదు.

ఆవిడ హ్యాండ్ బ్రేకు లాగింది. కారు నిలిచింది. తాళం తిప్పింది, గేరు వేసింది. తనలో తాను గొణుక్కోవడం మొదలెట్టింది.

“తొందర లేదు. వెనకవాడు ఎంత అరిస్తే మనకేం. క్లచ్ మెల్లగా పైకి. ఇంకొంచెం. బండి గుటక వేసేదాకా ఆగాలి. ఆ, గుటక వేసింది. ఇప్పుడు వదులు.”

ఎత్తు మీద క్లచ్ పట్టుకునేటప్పుడు బండి ముక్కు కొద్దిగా లేచి సర్దుకుంటుంది. దాన్ని గుటక వెయ్యడం అనేది నేనొక్కణ్ణే. ఏ పుస్తకంలోనూ లేదు, ఏ స్కూల్లోనూ అనరు. ‘వెనకవాడు ఎంత అరిస్తే మనకేం’ కూడా నాదే. ఆ సాగదీయడం కూడా నాదే. ఆవిడ హ్యాండ్ బ్రేకు వదిలింది, కారు నిబ్బరంగా పైకెక్కింది.

లాడ్జీ ముందు ఆపి, చక్రాలు గోడ వైపు తిప్పింది. దిగలేదు. నేనూ దిగలేదు.

“ఆ మాట నీకెవరు చెప్పారు?”

“పిచ్చుక.”

ఆ పేరు నేనెవరికీ చెప్పలేదన్నాను. మీరు పెట్టే పేర్లన్నీ అందరికీ తెలుసు, తెలియదనుకునేది మీరొక్కరే అంది.

తర్వాత అంతా చెప్పింది. మోచేతి కట్టు విప్పిన వారానికే ఆ పిల్ల మా బావమరిది దగ్గరికొచ్చి నాకు తెలియకుండా మళ్ళీ స్టీరింగ్ పట్టిందట. పరీక్ష పాసయిందట. లైసెన్సు నాకు చూపిద్దామని మొదటిసారి ఇంటికొచ్చిన రోజు నేను నిద్రపోతున్నాను. రెండోసారి వచ్చిన రోజూ నిద్రపోతున్నాను. మూడోసారి గుమ్మంలో మా ఆవిడే అడిగిందట, నాకు నేర్పుతావా అని. ఆ పిల్ల మేనమామ కారులో, ల్యాబు అయిపోయాక, ఖాళీగా ఉండే సంత మైదానంలో. ఆలస్యమైతే ల్యాబులో పని ఎక్కువుందని నాకు చెప్పేది. నేను నమ్మడం కాదు, అసలు పట్టించుకోలేదు. ఆ పిల్ల ప్రతి మాటకీ ముందు ‘మాస్టారు ఇలా అంటారండీ’ అని మొదలెట్టేదట.

“నా భయం పోగొట్టడానికా ఇదంతా?” అని అడిగేశాను. అడిగాక ఆ మాట నా చెవులకే పడింది. ఇన్ని నెలల్లో దానికి నేను పెట్టిన పేర్లు వేరు.

ఆవిడ సీటు బెల్టు విప్పుకుంది.

“మీ భయం మీది. అది పోగొట్టడం నా వల్ల అవుతుందా? నాకు భయమేసి నేర్చుకున్నాను. మీరు ఇంటికొచ్చాక కుర్చీలోంచి లేవడం మానేశారు. ఇలాగే ఉండిపోతారేమో, రేపు ఏదైనా అవసరమొస్తే బండి ఎవరు తీస్తారని. మంచాన పడ్డ మనిషి ఇంట్లో ఉన్నట్టుంది నాకు. రోజూ ఇంటికి రావాలనిపించేది కాదు.”

రోజూ ఇంటికి రావాలనిపించేది కాదు అంది. ఏడవలేదు, గొంతు పెంచలేదు, రిపోర్టు చదివినట్టు చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాను. మఫ్లరు మెట్ల మీద నిలబడి మా ఇద్దర్నీ చూస్తున్నాడు, కారు తిరిగివ్వాల్సిన వేళ అయిందని చెప్పడానికి.

మోకాలికేమీ లేదు. రాసేస్తున్నాను. దానికి ఎప్పుడూ ఏమీ లేదు.

శనివారం

బస్సులో దిగొచ్చాం. దారంతా కాలు ఆడింది, ముందు సీటతను తిట్టాడు, క్షమించమన్నాను. సంగతేమీ మారలేదు. మధ్యలో దిగలేదు, అంతే తేడా. మా ఆవిడ మడమ నొప్పికి చెప్పు విప్పేసి, నా ఒళ్ళో కాళ్ళు పెట్టుకుని నిద్రపోయింది. ఇంత జనంలో బాగుండదని తీయబోయి ఊరుకున్నాను.

ఇంటికి చేరేసరికి ఒళ్ళంతా పచ్చిపుండు. దుమ్ము పట్టిన ఇల్లు, విరిగిపోయిన పాలు. నేనే ఊడ్చాను.

ఆదివారం

పిచ్చుకకి ఫోను చేశాను. నిద్ర లేచారా మాస్టారూ అంది.

సోమవారం

వెళ్ళేటప్పటికి బావమరిది కౌంటర్ తుడిపించి ఉంచాడు. కుర్చీలో కొత్త దిండు కూడా వేయించాడు, నా మోకాలి కోసమట. కుర్చీకీ దిండుకీ ఏం వంక పెట్టలేం. సీట్లో కూర్చుంటానని చెప్పాను. మోకాలు ఎలా ఉంది బావా అన్నాడు. మోకాలు బాగానే ఉంది, మిగతాదే బాగాలేదు, ఒకటి రెండుసార్లు మళ్ళీ ఊరికే నొక్కుతాను, జనం ఫిర్యాదు చేస్తారు, నువ్వు పడాలి అన్నాను. వాడు నాలుగు మాటలు మింగబోయి, ఒక్కటే మింగి, తాళాలు ఇచ్చాడు.

కొత్తగా చేరినావిడ బయట నిలబడి ఉంది. మా ఆవిడ ఈడే ఉంటుంది. బ్యాంకులో పనట, పిల్లలు నవ్వుతారని చెప్పకుండా వచ్చిందట. కుడి సీట్లో కూర్చుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక నా చేతికిచ్చింది. ఖాళీ రోడ్డు. ఎండ. స్టీరింగ్ మీద చేతులు పెట్టి, తీసి, చీరకి తుడుచుకుని, మళ్ళీ పెట్టింది.

“నాకు చాలా భయమండీ మాస్టారూ,” అంది.

ఈ మాటకి నా దగ్గర తయారుగా ఒక జవాబుంది. భయమెందుకమ్మా, నేనున్నాను కదా, నా కాలి కింద కూడా బ్రేకుంది కదా అంటాను. మొదటి పాఠం మొదటి వాక్యం అదే. ఈ స్కూలు పెట్టిన రోజునుంచీ వచ్చిన ప్రతివాళ్ళకీ అదే చెప్పాను, పిచ్చుకకి కూడా అదే చెప్పాను. చెబుదామని నోరు తెరిచాను.

“నాకూనండీ,” అన్నాను.

ఆవిడ తల తిప్పి నా వంక చూసింది. దిగి వెళ్ళిపోతుందనుకున్నాను. దిగినా నేనేమీ అనను. నా చేతిలోంచి సంచీ తీసుకుని వెనక సీట్లో పెట్టింది, అద్దం తనకి కనబడేటట్టు సరిచేసుకుంది.

“అయితే మెల్లిగా వెళ్దామండీ,” అంది.